పందొమ్మిది ఒకట్ల గోడ

వంపుల మేస్త్రి చేతిరాత పడని వీధి ఆ ఊళ్ళో లేదు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు, కళ్ళున్నవాడెవడైనా తిరిగి చూసుకోవచ్చు. సినిమాహాలు నెత్తిన బోర్డు ఆయనదే. బస్సు డిపోలో బస్సుల నొసట నంబర్లు ఆయనవే. రైలు గేటు దగ్గర 'ఆగుము' అని ఆయన రాసిన పలక చూసి, రైలు రాని వేళ కూడా లారీలవాళ్ళు ఆగేవాళ్ళు. 'గు'కు తిప్పిన కొమ్ము అందం చూడ్డానికట. ఈ సంగతి చెప్పింది మేస్త్రే అయినా, కాదన్న లారీ డ్రైవరు మాత్రం ఇంతవరకూ ఎవడూ లేడు.

చదివింది ఐదో తరగతి. అయితే ఆ ఐదూ ఇప్పటివాళ్ళలా మీదమీద చదివినవి కావు. పల్లెటూరి బడిలో, ఇరవయ్యో ఎక్కం దాకా కిందనుంచి పైకీ పైనుంచి కిందకీ అప్పజెప్పి, పలకమీద రాతకు బడి మొత్తంలో మొదటివాడనిపించుకున్నాడు. "నీ సున్నా చూస్తే చంద్రుడు మొహం చాటేస్తాడురా" అని ఆ పంతులుగారన్న మాట పెళ్ళయిన మొదటి వారంలోనే భార్యకు చెప్పాడు. అప్పటినుంచి వారానికోసారి చెబుతూనే ఉన్నాడు. మన అక్షరాలన్నీ గుండ్రంగా తిరిగేవే కాబట్టి, తిప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు కాబట్టి, వంపుల మేస్త్రి అన్న పేరు దానంతటదే అంటుకుంది. అసలు పేరు ఆయన భార్యకొక్కదానికే గుర్తు, ఆవిడేమో ఆ పేరుతో పిలవదు.

అంతటి మేస్త్రికి ఫ్లెక్సులొచ్చి పడ్డాయి. వచ్చినవి ఊరికే రాలేదు, ఆయన దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్న శిష్యుడే తెచ్చాడు. బజారు మలుపులో గది తీసుకుని, ఓ కంప్యూటరూ ఓ పెద్ద యంత్రమూ పెట్టుకుని, మేస్త్రికి వారం పట్టే బోర్డును టీ తాగి వచ్చేలోగా అచ్చేసి చేతిలో పెట్టేవాడు. ఎదురైనప్పుడల్లా "గురువుగారూ, బాగున్నారా?" అని వంగి అడిగేవాడు. ఆ వంగడం చూస్తే మేస్త్రికి ఒళ్ళు మండేది. వాడికి ఎన్ని నెలలు నేర్పినా ఒక్క వంపూ సరిగ్గా రాలేదు, నడుం మాత్రం బాగా వంగింది అనేవాడు.

మెల్లగా పని తగ్గింది, తర్వాత ఆగిపోయింది. మేస్త్రి కుంచెల్ని కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడుగుతూ కూర్చునేవాడు. చూసి చూసి భార్య, "వాటికి అంటిన రంగేమిటో, మీరు కడిగేదేమిటో" అంటూ దెప్పింది.

ఆయన కోడలు పెద్ద బళ్ళో లెక్కల టీచరు. ఆ ఏడు బడి గోడలన్నీ కొత్తగా బొమ్మలతో, రాతలతో నింపాలని పెద్దటీచరమ్మ సంకల్పించింది. ఆ పని ఫ్లెక్సు శిష్యుడికే పోయేది. కోడలు అడ్డుపడి, మా మామగారికి ఒక్క గోడ ఇచ్చి చూడండి, నచ్చకపోతే మిగతావన్నీ అతనికే ఇవ్వండి అంది. పెద్దటీచరమ్మ ఒప్పుకుంది. సోమవారం పదింటికి తల్లిదండ్రుల సమావేశం, అప్పటికి గోడ పూర్తి కావాలని షరతు పెట్టింది. శిష్యుడి చేత కూడా అదే రాత ఫ్లెక్సుగా ఒకటి తెప్పించి, రెండూ చూసి తేలుస్తానంది.

మేస్త్రి ఈ మాట విని ఇంట్లో అందరి ముందూ ఒట్టు పెట్టినంత పని చేశాడు. ఈ గోడ నాది కాకపోతే ఇక కుంచె ముట్టను, డబ్బాలన్నీ పాతసామాన్లవాడికి వేసేస్తాను అన్నాడు. ఆ మనిషి కుంచె ముట్టకుండా ఎలా ఉంటాడో భార్య ఊహించుకోలేకపోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక కోడలు కాగితం తెచ్చి ముందు పెట్టింది. దానిమీద ఉన్నదిది:

1111111111111111111

మేస్త్రి కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. తీసి మళ్ళీ తుడిచాడు.

"ఇదేమిటమ్మాయ్, కంచె వేయించాలంటే వడ్రంగిని పిలవాలి గానీ నన్నెందుకు?"

కోడలు నవ్వి, ఇందులో పందొమ్మిది ఒకట్లున్నాయంది. మేస్త్రి చదవబోయాడు. వేలు, లక్షలు, కోట్లు దాటి, లక్ష కోట్లు కూడా దాటాక నాలుక మడతపడి ఆగిపోయాడు. దీని గొప్పతనం పొడుగులో లేదు మామయ్యా అని ఆవిడ చెప్పింది. ఇన్ని గింజలు రాశి పోస్తే, వాటిని ఎంతమందికైనా సరే సమానంగా పంచడం కుదరదు. ఇద్దరికి పంచితే ఒకటి మిగులుతుంది, ముగ్గురికీ మిగులుతుంది, లక్షమందికి పంచినా ఎంతో కొంత మిగులుతుంది. ఒక్కడే మొత్తం పట్టుకుపోవాలి, లేదా గింజకొక మనిషి రావాలి. ఒకటీ, తనూ తప్ప ఈ సంఖ్యని ఇంకే సంఖ్యా నిశ్శేషంగా భాగించలేదు. పిల్లలు వస్తూ పోతూ చూసి, దీన్ని భాగించేదేదైనా ఉందేమోనని వెతకాలని తన కోరిక.

"దొరకదని నీకు తెలిసీ వెతికిస్తావా? ఉంగరం పోయిందని చెప్పి ఇల్లంతా ఊడ్పించినట్టు?"

"అచ్చం అంతే మామయ్యా."

ఆ మాట మేస్త్రికి నచ్చింది. ఎవరికీ లొంగని సంఖ్య అన్నది మరీ నచ్చింది. తన జాతకమే కాగితం మీద చూసుకున్నట్టనిపించింది. కానీ పడుకోబోయే ముందు భార్యతో, ఇన్నాళ్ళూ వంపులు తిప్పిన చేతికి చివరికి కర్రలు పాతే పని పడింది చూశావా అన్నాడు. "వంకరగా పాతకండి, చాలు" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

ఆదివారం బడి ఖాళీ. మేస్త్రి ఒక్కడే గోడ ముందు నిలబడ్డాక తెలిసొచ్చింది, నిలువు గీత ఎంత పొగరుబోతో. వంపులో చెయ్యి కాస్త వణికినా ఆ వణుకు తిరుగుళ్ళో కలిసిపోతుంది. నిటారు గీతలో తప్పు దాక్కోవడానికి చోటే ఉండదు. దారానికి నీలం పూసి లాగి వదిలి అడ్డగీతలు కొట్టాడు. దారానికి బరువు కట్టి వేలాడదీసి నిలువు చూసుకున్నాడు. అంతా బాగానే ఉంది గానీ, ఒకచోట చిక్కు పడింది.

ఆ గోడ నిజానికి రెండు గోడలు. పాత గదికి కొత్త గది కలిపినప్పుడు సరిగ్గా మధ్యలో అతుకు పడింది. అతుకు మీద అక్షరం నిలబెట్టకూడదన్నది రాతపనివాళ్ళలో పెద్దల నాటి మాట. ఎంత సున్నం పూసినా ఏడాదికి అక్కడ బీట తీస్తుంది, అక్షరం రెండు చెక్కలవుతుంది. ఎవడో తెలియనివాడు పళ్ళ డాక్టరుగారి పేరులో నడి అక్షరం అతుకు మీద రాస్తే, ఏడాది తిరక్కుండా అది బీటవారి, ఆ పేరు చదివినవాళ్ళంతా చెయ్యి తమ దవడమీద వేసుకుని పోయారు. అది మేస్త్రి రాసింది కాదు. మేస్త్రి ఎప్పుడూ అతుక్కి ఇటు సగం, అటు సగం సరితూకంగా రాస్తాడు. అక్షరాలు బేసిగా వస్తే ఎక్కడో ఒక చుక్కో పువ్వో చేర్చి సరిచేస్తాడు. అలా సరిచేసి చెడిపోయిన బోర్డు ఒక్కటీ లేదు.

పందొమ్మిదిని సగానికి పెడితే పదోది పోయి పోయి అతుకు మీదే నిలబడుతోంది. ఇటు తొమ్మిది, అటు పది పెడితే గోడ ఒక పక్కకి వాలినట్టుంటుంది. మధ్యలో పువ్వు పెడదామా అంటే, అంకెల్లో పువ్వేమిటని కోడలు నవ్వుతుంది. మేస్త్రి గోడకేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఆయనకు చాలా సులువైన ఉపాయం తోచింది. ఉన్నవన్నీ ఒకట్లే, వాటిలో ఇంకొకటి కలిస్తే ఎవడు గుర్తుపడతాడు? గుర్తుపట్టినా, ఎక్కువిచ్చినవాణ్ణి తిట్టినవాడు లోకంలో లేడు. ఇటు పది, అటు పది వేసేశాడు. మధ్యలో అతుకు ఖాళీగా, హాయిగా ఉంది. సాయంత్రం ఎండ పడితే ఇరవై ఒకట్లూ కవాతుకు నిలబడ్డ సిపాయిల్లా ఉన్నాయి. ఎవరైనా వస్తే చూపిద్దామని కాసేపు కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. తనే వెనక్కి నడిచి, దారినపోయేవాడిలా మళ్ళీ వచ్చి చూసుకుని, మెచ్చుకుని ఇంటికెళ్ళాడు.

సోమవారం పొద్దున్నే కోడల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ మొదట చేతులు జోడించినంత పని చేసింది. గీతలు అచ్చుగుద్దినట్టున్నాయంది. తర్వాత ఆవిడ పెదాలు కదలడం మొదలుపెట్టాయి. చివరికొచ్చి, మళ్ళీ మొదటికెళ్ళి, మళ్ళీ కదిపింది.

"మామయ్యా, ఇరవై ఉన్నాయి."

"కనిపెట్టావూ! నేను చెప్పేదాకా తెలీదనుకున్నాను," అంటూ మేస్త్రి అతుకు సంగతీ, పళ్ళ డాక్టరు సంగతీ వివరంగా చెప్పాడు. కోడలు పక్కనున్న ఇసుక బస్తా మీద కూలబడింది. ఆ కూర్చోవడం చూసి ఆయనకు మొదటిసారి అనుమానమొచ్చింది.

ఆవిడ లేచి, మొదటి రెండు ఒకట్లు మాత్రం కనబడేలా రెండు అరచేతులూ అడ్డుపెట్టి ఇదెంత అని అడిగింది. పదకొండు అన్నాడు. చేతులు జరిపి తర్వాతి రెండూ చూపించింది. పదకొండు. ఆ తర్వాతవీ పదకొండే. అలా గోడ చివరిదాకా పదకొండ్లే వచ్చాయి. మేస్త్రి సుద్దముక్క తీసుకుని, నేలమీద చతికిలబడి, పదకొండుతో భాగహారం మొదలుపెట్టాడు. ఒకటి, సున్నా, ఒకటి, సున్నా, ఒకటి... ఎక్కడా అడ్డు లేకుండా, జారుడుబండ మీద జారినట్టు సాగిపోతోంది. సగంలో ఆపి సుద్ద పారేశాడు. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని అప్పజెప్పిన ఎక్కం, ఇన్నేళ్ళకు వచ్చి గోడమీద పగ తీర్చుకుంది.

"ఒక్కటేగా అమ్మా చేర్చింది," అన్నాడు గొంతు తగ్గించి.

"చివర ఒకటి చేరిస్తే దాని ముందున్నవన్నీ తలా పదింతలైపోవూ? మీరు చేర్చింది ఒకటి కాదు మామయ్యా. కోటిసార్లు లక్ష కోట్లు."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "ఒక్క గీతతోనా?" అన్నాడు. అంత కష్టంలోనూ ఆ గొంతులో ఓ చిన్న గర్వం తొంగిచూసింది.

తేరుకుని బేరం మొదలుపెట్టాడు. రెండు పక్కలా ఒక్కోటి తుడిచి పద్దెనిమిది చేద్దామన్నాడు. అవీ జంటలే, పదకొండు వదలదు, పైగా అంకెలన్నీ కూడితే పద్దెనిమిది వస్తుంది కనక మూడూ తొమ్మిదీ కూడా పంక్తికి వచ్చి కూర్చుంటాయంది. సరి సంఖ్యతోనే పేచీ అయితే ఇరవై ఒకటి చేద్దామన్నాడు. అవి మూడేసి చొప్పున నూటపదకొండ్లుగా విడిపోతాయంది. పోనీ పదిహేడు? అది పైకి నిక్షేపంలా ఉంటుంది మామయ్యా, కానీ లోపల పుచ్చు, ఇరవై లక్షల పైచిలుకు సంఖ్యొకటి దాన్ని కొరికేస్తుంది అంది. ఇరవైమూడు మాత్రం పనికొస్తుందట. గోడకు అటూ ఇటూ కిటికీలు, ఇంకో మూడు ఒకట్లు నిలబెట్టే చోటు లేదు. ఉన్నా అవీ బేసే, మధ్యది మళ్ళీ అతుకు మీదే.

మేస్త్రి చివరికి బతిమాలుకున్నాడు. "సరిగ్గా రెండు సగాలయ్యేలా ఒకట్లుండి, ఎవరికీ లొంగనిది ఒక్కటి చెప్పు తల్లీ. ఒక్కటి చాలు."

"ఒకటే ఉంది. రెండు ఒకట్లు. పదకొండు."

ఇంత గోడా ఖాళీగా పెట్టి మధ్యలో పదకొండు అని రాస్తే ఇంటి నంబరనుకుంటారని మేస్త్రి నిట్టూర్చాడు.

ఇంతలో ఫ్లెక్సు శిష్యుడు స్కూటరు మీద దిగాడు. వెనకే పెద్దటీచరమ్మ వచ్చింది. శిష్యుడు గురువుగారికి ఓ దండం పెట్టి, ఫ్లెక్సు చుట్ట విప్పి నేలమీద పరిచాడు. ఎర్రటి అంకెలు నిగనిగలాడుతున్నాయి. కోడలు వంగి చూసి, పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదిహేను ఒకట్లున్నాయి, ఆ పైన నాలుగు సున్నాలు.

సంఖ్య కదా అని వాడు దాన్ని కంప్యూటరులో లెక్కలు వేసే గళ్ళల్లో కొట్టాడు. అంత పొడుగు సంఖ్య దానికి గుర్తుండక, తోక తెగ్గోసి సున్నాలు పెట్టి ఇచ్చింది. వాడు అచ్చేసి తెచ్చాడు. మేస్త్రి పొద్దుటినుంచి మొదటిసారి నవ్వాడు.

"ఏరా, సున్నాతో ముగిసిన దాన్ని పది భాగిస్తుందని ఒకటో తరగతి పిల్లకి తెలియదూ?"

శిష్యుడు గోడకేసి చూస్తూ వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు. వాడి చూపు చివరి ఒకటి దగ్గర ఆగింది. "మీవీ ఇరవై ఉన్నాయి గురువుగారూ," అన్నాడు మర్యాదగా. పెద్దటీచరమ్మ వైపు తిరిగి, నాకు అరగంట ఇవ్వండి మేడమ్, సరైనది అచ్చేసి తెస్తాను అన్నాడు. అని, జవాబు వినకుండానే స్కూటరెక్కాడు.

తుడిచి మళ్ళీ రాయాలంటే మేస్త్రికి ఒక రోజంతా కావాలి. చేతిలో ఉన్నది గంట. పెద్దటీచరమ్మ గడియారం చూసుకుంది. కోడలు ఆయన పారేసిన సుద్దముక్క ఏరి ఆయన పక్కనే పెట్టింది. అదే ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. పని ఇప్పించింది ఆవిడ, పోగొట్టింది తను.

మేస్త్రి లేచి తెల్లరంగు డబ్బా మూత తీశాడు. కుడిచివర నిలబడ్డ ఒకటి ముందుకెళ్ళి ఒక్క క్షణం ఆగాడు. ఆ గోడమీద అన్నింటికన్నా బాగా కుదిరింది అదే. కళ్ళు మూసుకుని పై నుంచి కిందకు కుంచె లాగేశాడు. ఇప్పుడు అతుక్కి ఇటు పది, అటు తొమ్మిది. కుడివైపు బోసినోరులా ఖాళీ. దాని మీద హడావిడి తెలుపు, ఆ తెలుపు కింద ఒకటి నీడలా ఇంకా కనబడుతూనే ఉంది. ఇన్నేళ్ళ జీవితంలో వాలిపోయిన వరస రాసి ఎరగని మనిషి, ఆ గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు.

పదయ్యేసరికి శిష్యుడు కొత్త ఫ్లెక్సు తెచ్చి ఎదురుగోడకు కట్టేశాడు. ఈసారి పందొమ్మిదీ ఉన్నాయి, సరిగ్గా మధ్యకు ఉన్నాయి, మెరుస్తూ కూడా ఉన్నాయి. తల్లిదండ్రులు రావడం మొదలుపెట్టారు. ఫ్లెక్సును చూసి, బాగుందనుకుని, నీడ కోసం ముందుకెళ్ళిపోతున్నారు. మేస్త్రి గోడ దగ్గర మాత్రం ఆగిపోతున్నారు.

మొదట ఓ టైలరు ఆగాడు. చొక్కాకు ఒక గుండీ తక్కువైనట్టుంది ఏమిటిది అన్నాడు. అతని భార్య చెరిపిన జాడ మీద వేలు పెట్టి, ఇక్కడొకటి ఉండేదండీ, ఎందుకు తీసేశారో అంది. వెనకున్నావిడ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ లెక్క తప్పిందని పక్కనున్నాయన మళ్ళీ మొదలుపెట్టాడు. కోడలు ముందుకొచ్చి, తుడిచింది ఉన్నట్టే అనుకుని జంటలుగా కప్పి చూడండంది. అందరి అరచేతులూ గోడమీదకు వెళ్ళాయి. పదకొండు, పదకొండు అంటూ సాగి, సరిగ్గా సరిపోయాయి. ఇప్పుడు తుడిచినదాన్ని లెక్కలోంచి తీసెయ్యండంది. చివరికొచ్చేసరికి ఒక ఒకటి ఒంటరిగా మిగిలింది. టైలరు ఒప్పుకోలేదు, మూడేసి చొప్పున చూశాడు. మళ్ళీ ఒకటి మిగిలింది. ఏదో ఒక సంఖ్య ఉండకపోదని పంతం పట్టి, జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే భాగహారం పెట్టాడు.

సమావేశానికి గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. పెద్దటీచరమ్మ కుర్చీలన్నీ ఖాళీగా ఉండడం చూసి తనే అక్కడికి వచ్చింది. ఒకసారి ఫ్లెక్సు వైపు చూసింది. అక్కడ శిష్యుడొక్కడే నిలబడి ఉన్నాడు. వాడు కూడా ఇటే చూస్తున్నాడు.

గుంపు లోపలికెళ్ళాక ఆవిడ మేస్త్రి దగ్గరకొచ్చి, మిగతా గోడలు ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. ముందు ఇది తుడిచి తిన్నగా రాస్తానమ్మా, పదోదాన్ని అతుకు మీదే నిలబెడతాను, బీటవారితే వారనీ, ఒక్క రోజు ఇవ్వండి అన్నాడు.

"దాన్ని ముట్టుకోకండి. ఆ ఖాళీ లేకపోతే ఎవరూ లెక్కపెట్టరు. ఇది ఇలాగే ఉంటేనే మిగతావి మీవి."

మేస్త్రి గోడకేసి తిరిగాడు. ఊరంతా తిరిగే దారిలో, తన చేతిరాతగా, ఓ పక్కకు వాలిన వరస ఎప్పటికీ నిలిచిపోవాలి. లేదా ఇంటికెళ్ళి డబ్బాలు పాతసామాన్లవాడికి వెయ్యాలి. కోడలి మొహంలోకి చూశాడు. ఆవిడ నేల చూపులు చూస్తోంది.

"సరేనమ్మా," అన్నాడు. "కానీ ఎవరైనా అడిగితే, మేస్త్రి అది కావాలనే వదిలాడని చెప్పండి."

"కావాలనే కదా చెరిపారు?"

మేస్త్రి ఆలోచించాడు. "అవును, కావాలనే," అన్నాడు, కాస్త నిటారుగా నిలబడి.

ఇంటికెళ్ళే దారిలో పాలవాడికి చెప్పాడు, మంగలికి చెప్పాడు. ఇల్లు చేరేసరికి ఆ గోడ సినిమాహాలు బోర్డుకూ రైలు గేటు పలకకూ పైన చోటు సంపాదించేసింది. భార్య అంతా విని, గ్లాసుడు మంచినీళ్ళు చేతికిచ్చింది.

"రాసి పని సంపాదించినవాళ్ళను చాలామందిని చూశాను. చెరిపి సంపాదించినవాణ్ణి మాత్రం మిమ్మల్నే చూశాను."

మేస్త్రి దాన్ని పొగడ్తగానే పుచ్చుకున్నాడు. మర్నాడు రెండో గోడ ముందు నిలబడ్డప్పుడు మాత్రం, అతుకు ఎక్కడుందో చూసే ముందు కోడల్ని పిలిచి, అంకెలు ఎన్నో అడిగాడు. ఆవిడ చెప్పింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి చెప్పించుకున్నాడు.